రంగం నుంచి వచ్చినామె

మొన్న బోనాల మరునాడు అమ్మ వాకిట్లో నిలబడి, "రంగం చూడ పోదాం, ఎవరెవరు వస్తున్నరు?" అని కేకేసింది. ఆ మాటకు ఎదురింటి పాల మల్లమ్మ ఫక్కున నవ్వింది. మల్లమ్మ నవ్వు విని గాజుల ఖాసింబీ కిటికీలో నుంచి నవ్వింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మవారి పలుకు వినబోయేవాళ్లు అట్లా నవ్వకూడదు. అయినా ముగ్గురూ నవ్వారు.

వాళ్లు ఎవరిని తలుచుకున్నారో నాకు తెలుసు. ఆమె మా వాడ విడిచి మూడేళ్లు దాటింది. ఇక్కడ ఉన్నది రెండేళ్లు కూడా కాదు. నేను ఈ గల్లీలోనే పుట్టాను, ఇరవై రెండేళ్లుగా ఈ గల్లీలోనే ఉన్నాను. నా పేరెత్తితే ఎవరికీ నవ్వు రాదు, కోపమూ రాదు. అందుకే ఆమె గురించి రాయాలని కూర్చున్నాను. ప్రేమతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

ఆమె వచ్చింది జపాను వాళ్లు బర్మా మీద బాంబులు వేసిన ఏడు. దబీర్‌పురా స్టేషన్‌లో పనిచేసే మేనమామ ఇంటికి వచ్చింది. ఒక రేకు పెట్టె, ఒక గొడుగు, కాళ్లకు ముఖమల్ పట్టీల చెప్పులు. దారిలో ఏం పోగొట్టుకుందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. వచ్చిన మూడో రోజున బిందె పట్టుకుని నల్లా దగ్గరికి వచ్చింది. రెండు చెంపల మీదా గుండ్రంగా, పసుపుపచ్చగా ఏదో పూత. అది ఒక చెట్టు బెరడు అరగదీసి పూసుకునే చలువ గంధమని, బర్మాలో ఆడవాళ్లందరూ పూసుకుంటారని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం మల్లమ్మకు అది పసుపులాగే కనిపించింది.

"ఏ ఊరు బిడ్డా నీది?" అని మల్లమ్మ అడిగింది.

"రంగం నుంచొచ్చానండి," అంది ఆమె.

మల్లమ్మ చేతిలో బిందె కింద పెట్టేసింది. మా దగ్గర రంగం అంటే ఒకటే. బోనాల మరునాడు గుడి ముందు, ముఖం నిండా పసుపు పూసుకున్న ఆడమనిషి పచ్చి కుండ మీద నిలబడి, అమ్మవారు మీదికి వచ్చి, రాబోయే ఏడాది సంగతులు చెప్తుంది. అదే రంగం. సముద్రం దిక్కు సర్కారు జిల్లాల వాళ్లు రంగూన్ పట్నాన్ని రంగం అంటారని మా గల్లీలో తెలిసింది నాకు ఒక్కదానికే. తాత దగ్గర చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడో చూశాను. ఆ రోజు అమ్మ వెనక నిలబడి ఉన్నాను. చెప్పలేదు. నలుగురిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు.

"ఎప్పుడు చెప్తవు తల్లీ?" అంది మల్లమ్మ గొంతు తగ్గించి.

"ఏటి సెప్పాలి?"

"గదే. నీకు వచ్చింది."

తనకు చదువు వచ్చని మామయ్య వీళ్లకు చెప్పి ఉంటాడనుకుంది కాబోలు. ముఖం వెలిగిపోయింది. "నాకొచ్చింది సెప్తాను. సాయంత్రం రండి. ఎక్కడ కూకుందాం?"

మల్లమ్మ బర్ల కొట్టంలో కూర్చున్నారు. ఏడుగురు ఆడవాళ్లు పసుపూ కుంకుమా నిమ్మకాయలూ పట్టుకుని వెళ్లారు. కొట్టంలో కూర్చోవడానికి ఏమీ లేక ఆమె ఒక పాత కుండ బోర్లించి దాని మీద కూర్చుంది. ఇక ఎవరికి అనుమానం ఉంటుంది? మల్లమ్మ నిమ్మకాయ ఆమె కాళ్ల దగ్గర పెట్టి, "మా గౌరి ఈసారన్న ఈనుతదా తల్లీ?" అని అడిగింది. గౌరి అంటే మూలకు కట్టేసిన బర్రె.

ఆమె నిమ్మకాయ వంకా గౌరి వంకా చూసింది. "అది నాకు తెల్దండి. గౌరి అని ఎలా రాస్తారో తెల్సు," అని లేచి, సుద్దముక్కతో గుంజ మీద పెద్దగా 'గౌరి' అని రాసింది.

నెల తిరగకముందే గౌరి ఈనింది. పెయ్యదూడ. "గుంజ మీద ఆమె రాసిన రాత," అని మల్లమ్మ వాడంతా చాటింది. నేను మనసులో ఎంత నవ్వుకున్నానో. ఎంత అమాయకులు, అనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ పొద్దుగూకే ముందు ఆడవాళ్లు చేతిలో నిమ్మకాయ, కొంగు కింద పలకతో కొట్టానికి బయలుదేరేవారు. ఇంట్లో అడిగితే "రంగమామె తానికి పోతున్న" అనేవారు. ఖాసింబీ కూడా వెళ్లేది. "హమారే కో భీ రెండు అచ్చరాలు చెప్పమ్మా," అని మొదటి రోజు గుమ్మం దగ్గర నిలబడి అడిగిందట. మా అమ్మ వెళ్లింది.

మా అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. తాత అంటే అమ్మ తండ్రి. ఆయన తెలుగు పండితుడు. ఆయన అమ్మకు ఒక్క అక్షరం నేర్పలేదు. ఆ కాలంలో ఆడపిల్లకు ఎందుకన్నారట. ముసలితనంలో మా ఇంటికి వచ్చాక పొద్దుపోక నాకు నేర్పారు. పోతూ పోతూ తన పుస్తకాల పెట్టె నాకు ఇచ్చి పోయారు. నాన్నది కచేరీలో ఉర్దూ రాతపని. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. అంటే మా ఇంట్లో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. నేను రోజూ రాసుకునే ఈ పుస్తకం కిటికీలో తెరిచి పెట్టినా ఎవరికీ ఏమీ తెలియదు. తాళం లేని ఇంట్లో నాకు తాళం ఉన్న గది అదొక్కటే.

అమ్మకు నేర్పాలని నాకెప్పుడూ తోచలేదు. అమ్మ అడగలేదు. రంగమామె అడిగించుకోకుండానే నేర్పింది.

ఆమె చదివేది వ్యాపార విద్య. చార్మినార్ దగ్గర ఒక మిద్దె మీద కామర్సు చెప్పే స్కూలు ఉండేది. అందరూ మగపిల్లలే. ఒక మూల పరదా కట్టించుకుని, పరదా వెనక ఒక టైపు మిషను పెట్టించుకుని నేర్చుకుంది. ఎట్లా ఒప్పించిందో మరి. ఇంటి దగ్గర మిషను లేదు కాబట్టి దేని మీద పడితే దాని మీద సాధన చేసేది. మాట్లాడుతూ తన మోకాలి మీద, నల్లా వరసలో బిందె అంచు మీద, నడుస్తూ గోడ మీద, పది వేళ్లూ కదిలేవి. గౌరి వీపు మీద టైపు చేస్తుంటే గౌరి కళ్లు మూసుకుని నిలబడేది. మల్లమ్మ పాలు పిండేటప్పుడు "జర గీకు బిడ్డా, మంచిగ చేపుతది" అని పిలిచేది.

ఆమె మాటలన్నీ బజారు మాటలే. కొత్త అక్షరాన్ని "ఈవేళ సరుకు" అనేది. అ ఆ ఇ ఈ అని వరసగా చెప్పలేదు. ఎవరి పేరులో ఉన్న అక్షరం వాళ్లకు ముందు. తర్వాత బర్ల పేర్లు, ఒక్కో గుంజకు ఒక్కో పేరు. ౠ ఎట్లా రాస్తారని అమ్మ అడిగితే, "దానికి గిరాకీ లేదండి, గోదాంలో ఉండనీయండి" అందట. అమ్మ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. తాత ౠ దగ్గర నా చేత మూడు రోజులు దిద్దించారు.

ఒకరోజు అమ్మతో పాటు వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె గోడ మీద 'గేదె' అని రాసింది.

"గిదేంది? గే…దె. గేదె అంటే ఏంది?" అన్నారు.

"అదిగో, అదే," అని గౌరిని చూపించింది.

"ఓ అవ్వా! గది బర్రె!"

"బర్రెంటారా?" అని అప్పటికప్పుడు కొంగుతో తుడిచేసి 'బర్రె' అని రాసింది. "మీ సరుకు, మీ పేరే." అందరూ గొల్లుమన్నారు. పుస్తకాల్లో గేదె అనే ఉంటుందని నేను చెప్పాలనుకున్నాను. నేనైతే తుడిచేదాన్ని కాదు. అందరూ గేదె అనేదాకా చెప్పించేదాన్ని. అప్పుడు కొట్టంలో నేనూ గౌరీ మిగిలేవాళ్లం.

ఆమె మా ఇంటికి అమ్మను పిలవడానికి వచ్చినప్పుడు తాత పెట్టె తెరిచి ఉంది.

"ఓలమ్మా, ఇన్ని పుస్తకాలే! ఎవరు సదూతారు?"

"నేనే," అన్నాను.

"ఎవరికి సదివి ఇనిపిస్తావు?"

"ఎవరికీ లేదు."

పెట్టె అంచు మీద ఆమె వేళ్లు ఆడుతున్నాయి. నవ్వుతూనే అంది: "మూట ఇప్పకపోతే సరుకు కాదు సెల్లీ, బరువు." నొప్పించాలని అనలేదు. నన్ను నొప్పించవచ్చునన్న ఊహ కూడా ఆమెకు లేదు. అదే ఎక్కువ నొప్పించింది.

ఒక వారం పోయాక పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో 'సత్తెమ్మ' అని ఉంది. అమ్మ పేరు. అక్షరాలు ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి. అమ్మ వంట మధ్యలో తిరిగి తిరిగి దాన్నే చూస్తోంది. నేను గుడ్డ తీసుకుని తుడిచి, దాని మీద గుండ్రటి రాతతో 'సత్యమ్మ' అని రాశాను. "ఇట్లా రాయాలమ్మా. ఇది సరైనది."

అమ్మ చాలాసేపు చూసింది. "మంచిగున్నది," అంది. మళ్లీ, "గాని గది నా పేరు కాదు బిడ్డా," అంది.

మరునాడు దాని కిందనే మళ్లీ 'సత్తెమ్మ' అని రాసుకుంది.

అమ్మ చదువు పెరిగిన కొద్దీ నాకు భయం పట్టుకుంది. దుకాణాల మీద పేర్లు చదువుతోంది, చిన్న చిన్న మాటలు కూడబలుక్కుంటోంది. ఈ పుస్తకం కిటికీలోనే ఉంటుంది. దాచిపెడితే ఎందుకు దాచావని అడుగుతుంది. ఒత్తులు ఇంకా రాలేదని నాకు తెలుసు. అందుకని రంగమామె మీద ఏదైనా రాయాల్సి వస్తే ఒత్తులున్న మాటలే వెతికి రాసేదాన్ని. కుళ్లు అని రాయాల్సిన చోట మాత్సర్యం, కోపం అనాల్సిన చోట క్రోధం. నా పుస్తకం రోజురోజుకూ గ్రాంథికమైపోయింది.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మా పక్కింటి కోడలు లచ్చమ్మ. మా పెరడూ వాళ్ల పెరడూ ఒకే గోడ. పదహారేళ్ల పిల్ల. పుట్టింటి నుంచి ఆమెకు కార్డు వస్తే అత్త ఎంకమ్మ ఎవరో ఒకరిని పట్టుకొచ్చి వాకిట్లో చదివించేది. "మా అమ్మ నాకు చెప్పిన మాట వాడకట్టంత విన్నంక నేను వింట అక్కా," అని లచ్చమ్మ గోడ మీద నుంచి నాతో అంది ఒకసారి. కొట్టంలో అందరికంటే గబగబా నేర్చుకుంటున్నది ఆ పిల్లే. ఒక్క కార్డు తనకు తాను చదువుకోవాలి, అంతే ఆమె కోరిక. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే చేశాను.

ఆ రోజు నల్లా దగ్గర మస్తు మంది ఉన్నారు. నీళ్లు సన్నగా వస్తున్నాయి. ఎంకమ్మ అడిగింది: "గామె నిజంగ చెప్తదా సత్తెమ్మా? మా లచ్చి దినాం పోతున్నది, మనవడి ముచ్చటేమన్న చెప్పిందా అంటె నోరిప్పదు."

"చెప్తది, చెప్తది," అంది అమ్మ. "గామెకు తెల్వంది లేదు. మా పిల్ల పెట్టెడు బుక్కులు చదివింది గద, దానికి గూడ గన్ని ముచ్చట్లు తెల్వయి."

అమ్మ ఆ మాట లచ్చమ్మను కాపాడటానికి అన్నది. అప్పుడు నాకు అర్థం కాలేదు. నాకు వినిపించింది చివరి ముక్క ఒక్కటే. నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వచ్చింది.

"రంగం అంటే ఊరు. సర్కారు దిక్కు రంగూన్‌ను రంగం అంటరు. ఆమె మీదికి ఏ అమ్మవారూ రాదు. అక్కడ చెప్పేది అక్షరాలు. అది బడి."

బిందె నిండి నీళ్లు కిందికి పోతున్నాయి. ఎవరూ తీయలేదు.

"బడా?" అంది ఎంకమ్మ. "మా లచ్చి బడికి పోతున్నదా? నిమ్మకాయ పట్టుకొని బడికి పోతున్నదా?" ఖాళీ బిందె అక్కడే వదిలేసి ఇంటి వైపు నడిచింది. ఆ సాయంత్రం లచ్చమ్మ పలక ముక్కలై వాళ్ల వాకిట్లో పడి ఉంది.

మిగతావాళ్లు ఎప్పటిలాగే కొట్టానికి వెళ్లారు. నాకు అర్థం కాలేదు. నిజం తెలిశాక కూడా ఎందుకు వెళ్తారు?

మరునాడు పాలు పోయడానికి వచ్చిన మల్లమ్మ చెంబు నా ముందు పెట్టింది. "కడుపు సల్లబడ్డదా బిడ్డా?"

నేను చెంబు తీసుకుని లోపలికి పోబోయాను.

"మాకు ఎరుకలేదనుకున్నవా? మొదటి దినమే ఎరుక. గామెనే చెప్పింది, అమ్మా నేను దేవతను కాదు, ఆడపిల్లను అని. నేనే అన్న, నువ్వు ఊకో, నిమ్మకాయలు తేనియ్యి అని. దేవుని పేరు చెప్తె ఆడదాన్ని గడప దాటనిస్తరు. బలపం పేరు చెప్తె దాటనిస్తరా? మేము ముసలోళ్లం, మమ్ముల ఎవడు అడుగుతడు! గా లచ్చి ఏం పాపం చేసింది? గింత చదివినవ్, గీ ముచ్చట తెల్వదా?"

గౌరి ఈనితే చాటింపు వేసింది ఎందుకో అప్పుడు తెలిసింది. అమాయకులెవరో కూడా తెలిసింది.

సాయంత్రం ఆమె వచ్చింది. నేను వంటింట్లోకి పోయాను. ఆమె వంటింటి గడప మీదే కూర్చుంది. గడప చెక్క మీద వేళ్లు టకటకమంటున్నాయి. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. నాకూ ఏదో అనే అవకాశం వచ్చేది.

"నీకు తెల్సిన మాట నువ్వన్నావు. అబద్ధం కాదు కదా," అంది. "దాన్ని వదిలేద్దాం. లచ్చమ్మ గోడకవతల ఉంది, నువ్వివతల ఉన్నావు. ఆ గడప నేను తొక్కలేను. నువ్వయితే ఉప్పుకో సింతపండుకో ఎల్లొచ్చు. రోజుకో అచ్చరం సాలు సెల్లీ."

"నాకు చేతకాదు," అన్నాను.

"సేతకాదా, ఇష్టం లేదా?"

నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను. అప్పుడు గడప మీద చప్పుడు ఆగింది. ఆమె వేళ్లు కదలకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు లోపల ఎక్కడో తృప్తి కలిగింది. ఆమెను కూడా ఆపగలిగాను, అనిపించింది. ఇంత నీచమైన మాట రాయడానికి సిగ్గేస్తోంది, కాని జరిగింది అదే.

లచ్చమ్మకు నేర్పగలిగి కూడా నేర్పలేదు. నేర్పితే ఆ పుణ్యం ఆమె ఖాతాలోకి పోతుంది, "రంగమామె చెప్పిచ్చింది" అంటారు. ఆ ఒక్క మాట నాకు పడలేదు.

మరుసటి ఏడు ఆమె పరీక్ష ప్యాసయింది. విశాఖపట్నంలో ఓడల కంపెనీలో టైపు పని దొరికింది. వెళ్లే ముందు నెలరోజులు కొట్టంలో ఒత్తులు చెప్పింది. "గోదాంలో మిగిలిన సరుకంతా ఇచ్చేసి ఎల్లిపోతున్నాను," అందట. స్టేషన్‌కు ఆడవాళ్లందరూ వెళ్లారు. నేను తలనొప్పి అని ఇంట్లో ఉండిపోయాను. మల్లమ్మకు కార్డులు వచ్చేవి, పెద్ద పెద్ద అక్షరాలతో. అక్కడ కూడా రేవులో పనిచేసేవాళ్ల ఆడవాళ్లను కూడగట్టిందట. అన్ని కార్డుల చివరా 'సెల్లిని అడిగానని చెప్పండి' అని ఉండేది. చెల్లి అని కాదు, సెల్లి అనే. తన పేరు తను పలికినట్టే రాసుకున్న అమ్మలాగా.

ఆమె వెళ్లిన రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, నేను పెరట్లో నుంచి లోపలికి వచ్చేసరికి అమ్మ కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో నా పుస్తకం. వేలు ఒక్కో అక్షరం మీద పెట్టి చదువుతోంది.

"నా… మా… త్స… ర్య… ము… చే… త…"

ఆ పేజీ నల్లా దగ్గర జరిగిన రోజుది.

అమ్మ తలెత్తింది. దొంగతనం చేసినట్టు లేదు ఆమె ముఖం. చదవగలిగానన్న సంబరమే ఉంది. "గిదేంది బిడ్డా, మాత్సర్యం?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. భక్తి అన్నా నమ్మేది. తాతకు ఎన్నిసార్లు అప్పగించాను ఆ మాట! ఈర్ష్య, అసూయ, ద్వేషం… పుస్తకాల మాటలే వరసగా వచ్చాయి.

"కండ్లమంట," అన్నాను చివరికి.

"ఓ, గంతేనా! కండ్లమంట అని రాస్తె అయిపోవు గద. గింత పెద్ద మాట ఎందుకు?" అని మళ్లీ పుస్తకంలోకి వంగింది. చాలా నిదానంగా పేజీ అంతా చదివింది. సంబరం కొంచెం కొంచెంగా తగ్గిపోవడం నేను నిలబడి చూశాను. ఎక్కడా ఆపలేకపోయాను. చదివి పుస్తకం మూసి, కిటికీలో ఎప్పుడూ ఉండే చోటనే పెట్టింది.

"మరి లచ్చికి ఇప్పుడు ఎవరు చెప్తున్నరు?" అని అడిగింది.

అమ్మ లేచి, చాటలో రెండు సోలల బియ్యం పోసుకుని, "ఎంకమ్మా, మీ ఇంట్ల ఎండ మంచిగున్నది, రాళ్లేరుకుంట," అంటూ పక్కింటికి పోయింది.

రోజూ పోయేది. ఏం చేస్తున్నదో గోడ పక్కన నిలబడి విన్నాక తెలిసింది. చాటలో బియ్యం పరిచి, దాని మీద వేలితో అక్షరం రాస్తుంది. లచ్చమ్మ దాని మీద దిద్దుతుంది. ఎంకమ్మ అడుగుల చప్పుడైతే చాట ఒకసారి ఊపుతారు. బియ్యమే మిగులుతుంది. పలకలాగా పగలగొట్టడానికి ఏమీ లేదు. ఇంత తెలివి నాకెందుకు రాలేదని మళ్లీ అదే మంట, ఈసారి అమ్మ మీద.

పది రోజులైంది. గోడ అవతల నుంచి అమ్మ గొంతు: "బిడ్డా, జర మన జల్లెడ పట్టుకొని రా."

బియ్యంలో రాళ్లేరడానికి జల్లెడ ఎందుకు? అయినా పట్టుకుని వెళ్లాను. నల్లా దగ్గర ఆ మాట అన్నాక ఆ గడప తొక్కడం అదే మొదలు. ఎంకమ్మ లోపల తవ్వతో ఏదో కొలుస్తోంది. లచ్చమ్మ నడుం దగ్గర నుంచి ఒక కార్డు తీసి మోకాలి కింద పెట్టింది. పుట్టింటి నుంచి వచ్చింది, ఇంకా ఎవరి చేతికీ ఇవ్వలేదట.

"గీ అచ్చరం నాకు గూడ వస్తలేదు," అంది అమ్మ గుసగుసగా, వేలితో చూపిస్తూ. "మేము… ఇక్కడ… అని చదివినం. ఆడ ఆగినం."

నేను కూర్చున్నాను. బియ్యం చదును చేసి వేలితో 'క్ష' రాశాను. ఒక మెలిక సరిగా రాలేదు, మళ్లీ రాశాను. "క్ష," అన్నాను. "దానికి ఏత్వం. క్షే."

లచ్చమ్మ దాని మీద రెండుసార్లు దిద్దింది. తర్వాత మోకాలు పక్కకు జరిపి కార్డు మీదికి వంగింది. పెదవులు కదిలాయి.

"క్షే… మం. మేము ఇక్కడ క్షేమం." కార్డు మళ్లీ మోకాలి కింద పెట్టింది. "మా అమ్మ మంచిగున్నదట, అక్కా." ఆ సంగతి ఈ ఊళ్లో మొదట తెలిసింది ఆమెకే.

కళ్లు తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగింది. "నువ్వు గూడ రంగమామె తాన్నే నేర్చుకున్నవా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచాను. తాత, ఆయన బెత్తం, మూడు రోజులు దిద్దిన ౠ, ఎవరికీ చూపించకుండా చదివిన పెట్టెడు పుస్తకాలు, అన్నీ నాలుక మీదికి వచ్చాయి. చాట అంచు పట్టుకుని అమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"ఆఁ," అన్నాను. "ఆమె తాన్నే."

లోపల ఎంకమ్మ గాజుల చప్పుడైంది. చాట నేనే ఊపాను.